చుట్టాల నీళ్ళు

నారు పురుగును మా ప్రాంతం నుంచి తరిమింది నేనూ, యూనివర్సిటీ. వరుస కూడా అదే. ముందు నేను, తర్వాత యూనివర్సిటీ.

ఈ మాట పెళ్ళిళ్ళలో చెప్పాను, దావత్‌లలో చెప్పాను, సంగారెడ్డి కోర్టు ఎదురుగా చాయ్ హోటల్లో బెంచీ దొరికినప్పుడల్లా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నా హోదా కాస్త పెరుగుతూ వచ్చింది. మొదట్లో నేను సైన్సు సార్లకు సహాయకుణ్ణి. తర్వాత సలహాదారుణ్ణి అయ్యాను. పెద్ద మనవడి పెళ్ళి నాటికి జంతుశాస్త్ర విభాగమంతా నా చేతి కిందే పనిచేస్తోంది. పల్చటి గుడ్డలో నీళ్ళు వడగడితే నారు రాదని కనిపెట్టింది నేనేనని, పెద్ద ప్రొఫెసరు లేచి నిలబడి నాకు చెయ్యి కలిపాడని, కొత్త పెళ్ళికూతురికి నేనే చెప్పాను. ఆ పిల్ల పాపం నమ్మింది.

కాగితం మీద పెట్టాల్సి వచ్చేసరికి మాత్రం కలం ముందుకు కదలడం లేదు. అందులో సగం ముసలితనం. మిగతా సగం మా వదిన. ఆమెకు తొంభై దాటాయి, చెవులు ఇంకా బాగా వినిపిస్తాయి. ఇది రాయడం అయ్యాక ఆమెకు చదివి వినిపించాలి. కాబట్టి ఇప్పుడే దిగి వస్తున్నాను.

నేను యూనివర్సిటీలో అటెండర్ని. జంతుశాస్త్రం ప్రయోగశాలలో గాజు సీసాలు కడగడం, మైక్రోస్కోపుల మీద దుమ్ము తుడవడం, కప్పలు పారిపోకుండా బుట్టకు మూత పెట్టడం నా పని. కప్పలు పారిపోయేవి, అది వేరే సంగతి. ప్రొఫెసరు నాకు చెయ్యి కలపలేదు. ఒకసారి తన గొడుగు పట్టుకోమని ఇచ్చాడు.

మా ఊరు పటాన్‌చెరు దగ్గర. బస్సు దిగి బండ్ల బాట పట్టి నడవాలి. యాభైల మాట ఇది. ఫ్యాక్టరీలు ఇంకా రాలేదు. పొగ లేస్తే అది ఎవరింటి పొయ్యిదో చెప్పగలిగేవాళ్ళం. మా జొన్న చేను ఉన్న చోట ఇప్పుడు మందు గోళీలు తయారుచేసే కంపెనీ ఉంది. అందులో తెల్లకోట్లు వేసుకున్న పిల్లలు మైక్రోస్కోపులు చూస్తారట. వాళ్ళకన్నా ముందు ఆ చోటికి మైక్రోస్కోపు తెచ్చింది ఎవరో ఆ పిల్లలకు తెలియదు. తెచ్చింది మా లెక్చరర్ సాబ్. మోసింది నేను. ఇది మాత్రం నిజం.

ముందు నారు అంటే ఏమిటో చెప్పాలి. ఈ కాలం వాళ్ళు చూసి ఉండరు, చూడకపోవడమే మంచిది. ఎండలు ముదిరే వేళకు పాదం మీదో పిక్క మీదో ఒక పొక్కు లేచేది. మంట, నిప్పు పెట్టినట్టు. నీళ్ళల్లో కాలు పెడితే తప్ప ఆ మంట చల్లారదు. పొక్కు పగిలి లోపలి నుంచి తెల్లటి దారం కొస బయటికొచ్చేది. అది దారం కాదు, పురుగు. మూరెడు ఉండేది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. ఆ కొసను చీపురు పుల్లకు చుట్టి, రోజుకు కొంచెం కొంచెం లాగాలి. తొందరపడితే తెగుతుంది. తెగితే కాలు వాచి కుళ్ళుతుంది.

మా అన్నకు ముందటేడు అట్లాగే తెగింది. పుల్ల చుట్టుకుని పశువుల కొట్టంలోకి వెళ్ళాడు, ఎద్దు కాలు విదిలించింది. ఆ వానాకాలమంతా మంచం మీదే. మోకాలు సగమే వంగేది. సంగారెడ్డి దవాఖానలో డాక్టరు ఆ మోకాలును చేత్తో పట్టుకుని వంచి చూసి, ఈ కాలికి ఇంకోసారి నారు వస్తే ఇక నాగలి పట్టే మాట మర్చిపొమ్మన్నాడు. మా ఇంట్లో సేద్యం చేసే మగవాడు అన్న ఒక్కడే. నేను పట్నంలో సీసాలు కడుగుతున్నాను. అమ్మానాన్నలు అప్పటికే లేరు. వదిన కడుపుతో ఉంది. అన్న కాలు నిలబడితే ఇల్లు నిలబడుతుంది, లేదంటే లేదు. సంగతి అంతే.

ఆ డాక్టరుకు నా దండం. వేసవి వస్తే చాలు ఆయన వరండా నిండా పుల్లలు చుట్టుకున్న కాళ్ళే. కట్లు కట్టి కట్టి విసిగిపోయి, సెలవు పెట్టి పట్నం వచ్చి, తాను చదువుకున్న మెడికల్ కాలేజీలో పెద్దాయన్ని కలిశాడు. కాలిలో పురుగు సంగతి మాకు తెలుసు, నీళ్ళల్లో పురుగు సంగతి యూనివర్సిటీ వాళ్ళను అడుగు అని ఆయన మా విభాగానికి పంపాడు. అట్లా మా లెక్చరర్ సాబ్ దీంట్లోకి వచ్చాడు. పటాన్‌చెరు నుంచి జోగిపేట దాకా ఏ ఊళ్ళో ఏ బావి నీళ్ళల్లో ఏముందో చూడాలని ముగ్గురూ అనుకున్నారు. పెద్ద ఆఫీసు లేదు, బోర్డు లేదు. సంగారెడ్డిలో ఒక డాక్టరు, పట్నంలో ఇద్దరు సార్లు, వాళ్ళ మధ్య తిరిగే బస్సు, ఆ బస్సులో ఒళ్ళో సీసాల బుట్ట పెట్టుకుని నేను. ఇప్పుడు ఇట్లాంటిదాన్ని నెట్‌వర్క్ అంటున్నారు. మేము దాన్ని బస్సు అనేవాళ్ళం.

లెక్చరర్ సాబ్ పాతబస్తీ మనిషి. ఎంత ఎండలోనైనా షేర్వాణీ గుండీలు మెడదాకా పెట్టుకునేవాడు. తెలుగు ఆయనకు వచ్చు, కానీ ఉర్దూ తోడు లేకుండా ఒక్క వాక్యం నడవదు. చప్రాసీని కూడా 'మీరు' అనేవాడు. ఆయన దగ్గర పనిచేశాక నన్నెవరైనా 'ఏయ్' అంటే కోపం రావడం మొదలైంది. ఆ జబ్బు ఇంకా తగ్గలేదు.

మా ఊరి బావి దిగుడు బావి. రాతి మెట్లు నీళ్ళదాకా ఉంటాయి. ఆడవాళ్ళు మెట్లు దిగి, మోకాళ్ళ లోతు నీళ్ళల్లో నిలబడి బిందెలు ముంచుకుంటారు. నారు లేచిన కాళ్ళవాళ్ళు మంట తట్టుకోలేక అవే మెట్ల మీద కూర్చుని అవే నీళ్ళల్లో కాళ్ళు పెడతారు. ఆ కాలి నుంచి పురుగు పిల్లలు నీళ్ళల్లోకి వస్తాయని, నీళ్ళల్లో ఉండే నలకంత జీవి వాటిని మింగుతుందని, ఆ జీవిని మనం మింగుతామని, ఏడాది తిరిగాక మన కాలిలోంచి నారు వస్తుందని సాబ్ నాకు ప్రయోగశాలలో బొమ్మ గీసి చెప్పాడు. నేను పుట్టకముందే పుస్తకాలకెక్కిన సంగతి అది. గుడ్డ సంగతి కూడా ఆ పుస్తకాల్లోనే ఉంది. నేను కనిపెట్టానన్న మాట ఇక్కడితో సరి.

మెట్లు మూసేసి, పైన గిరక పెట్టి, తాడుతో నీళ్ళు చేదుకుంటే ఈ పీడ పోతుంది. అదే మాట నేను ఊరి పటేలుకు చెప్పాను. పటేలు చెడ్డవాడు కాదు, మా అన్న మంచంలో ఉన్నప్పుడు మనుషుల్ని పంపి విత్తనం వేయించినవాడు. కానీ ఆ మెట్లు ఆయన తాత కట్టించినవి. సీసాలు కడిగేవాడి మాట మీద తాత కట్టినవి మూయనన్నాడు. నీ సార్లను తీసుకొచ్చి మన నీళ్ళు చూపించు, వాళ్ళు పురుగుందంటే నా చేత్తోనే మూసేస్తాను, లేదంటే ఇంకోసారి ఈ మాట ఎత్తకు అన్నాడు. నలుగురిలో అన్నాడు కాబట్టి ఆ మాట మీద నిలబడేవాడు. అటైనా, ఇటైనా.

సాబ్ వచ్చాడు. ఒక గవర్నరు వస్తున్నట్టు నేను ముందే ఊరంతా చెప్పి పెట్టాను. వదిన వాకిలి అలికి ముగ్గేసింది, మంచం మీద కొత్త దుప్పటి పరిచింది. పొద్దున బావి దగ్గర ఆడవాళ్ళ వేళ. ఆ వేళప్పుడు మగవాళ్ళు మెట్లు దిగకూడదు, అది మా ఊరి కట్టు. ఆ సంగతి చెప్పగానే సాబ్ బావి దిక్కు తల కూడా తిప్పలేదు. కార్కు మూతల సీసాలు వదిన ముందు పెట్టి, తల్లీ, మీ బావి నీళ్ళు వీటిలో నింపి ఇవ్వండి అని అడిగాడు. ఆమె తీసుకెళ్ళింది, నింపి తెచ్చింది. ఆయన దండం పెట్టి తీసుకున్నాడు. అంత పద్ధతిగా నీళ్ళు తీసుకోవడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

మర్నాడు ప్రయోగశాలలో మా ఊరి సీసాలు విప్పారు. సాబ్ చూశాడు. మళ్ళీ చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకో సీసా చూశాడు. కొల్లూరు దిక్కు నుంచి తెచ్చిన నీళ్ళల్లో ఆ జీవులు సంతలో జనంలా తిరుగుతున్నాయి. మా ఊరి నీళ్ళల్లో ఒక్కటీ లేదు. పిక్కలకు పుల్లలు చుట్టుకున్నవాళ్ళు ఎక్కువ మా ఊళ్ళోనే, నీళ్ళు సాఫ్‌గా ఉన్నవి కూడా మా ఊళ్ళోనే. పురుగు ఉన్నట్టే పటేలుకు చెప్పమని నేను బతిమాలాను. మా అన్న మోకాలు సంగతి చెప్పాను. ఆయన సీసాకు కార్కు మూత పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"మియా, మీ అన్న కోసం నేను దువా చేస్తాను. లేనిది ఉందని మాత్రం చెప్పలేను."

అప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. ఆ మాటకు దండం పెట్టాలని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

వారం చివర ఇంటికి వెళ్ళి పటేలుకు ఉన్న మాట చెప్పాను. ఆయన మీసం దువ్వుకుని, మా తాత కట్టిన బావి కదా అన్నాడు. ఇంట్లో అన్నకూ అదే చెప్పాను. మంచం మీద కూర్చుని ఆ మోకాలును రెండు చేతులతో ఒత్తుకుంటున్నాడు. ఆ యేడు నారు ఎడమ కాలికి వచ్చింది, పుల్ల ఇంకా దానికే ఉంది. వచ్చే ఏడు ఏ కాలికి వస్తుందో ఎవరు చెప్పగలరు? వదిన జొన్నరొట్టె కొడుతోంది. రొట్టె పెనం మీద వేసి అడిగింది.

"ఏ నీళ్ళు సూసిండ్రు?"

"సీసాలల్ల నువ్వు పోసినవే."

"అవి వడగట్టిన నీళ్ళు గదా."

నేను చేతిలో రొట్టె ముక్క అట్లాగే పట్టుకున్నాను. ఎందుకు వడగట్టావని అడిగాను. ఆమె నన్ను తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూసింది.

"ఇంటికొచ్చినోళ్ళకు నలకల నీళ్ళిస్తరా ఎవలన్న? నీ సారు గంత పెద్ద షేర్వాణి ఏసుకొని వచ్చిండు. తెల్ల ధోతి గుడ్డ నాలుగు మడతలేసి వడగట్టిన."

మంచం మీద నుంచి అన్న అన్నాడు. "ఇన్నేండ్లల్ల నాకెన్నడన్న వడగట్టిచ్చినవానే?"

"నువ్వేమన్న చుట్టానివా?"

అదీ మా ఊరి మర్యాద. చుట్టాలకు, దేవుడికి వడగట్టిన నీళ్ళు. ఇంట్లోవాళ్ళకు బిందెలో ఉన్నవి. పొలంలో ఉన్నవాడికి దోసిట్లో వచ్చినవి. సాబ్ మర్యాదకొద్దీ బావి దిగలేదు, వదిన మర్యాదకొద్దీ గుడ్డ వేసింది. ఆ ఇద్దరి మర్యాద కలిసి మా అన్న కాలి మీదికి వచ్చింది.

ఈ వడగట్టిన సంగతి ప్రయోగశాలలో నా సొంత బుర్రకు తట్టిందని నేను చెప్పుకుని తిరిగాను. ఇప్పుడు చెబుతున్నాను, తట్టలేదు. రొట్టెలు కొడుతూ వదిన అడిగిన ఒక్క మాట అది. నేను చేసిందల్లా మొదటి బస్సు పట్టుకుని పట్నం వెళ్ళి ఆ మాట చెప్పడం.

చెబుతున్నంతసేపూ సాబ్‌కు కోపం వస్తుందేమోనని భయపడ్డాను. చదువుకున్నాయన లెక్క తప్పని అటెండరు చెబితే ఎవరికి మంచిగుంటుంది? ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. ఎట్లా నింపారమ్మా అని ఒక్క మాట అడగాల్సింది, అడగలేదు, గలతీ నాదే అన్నాడు. ఆ రోజే సంగారెడ్డి బస్సెక్కి డాక్టరు దగ్గరికి వెళ్ళి, నేను చెప్పింది తప్పు, మళ్ళీ చూస్తాను అని చెప్పి వచ్చాడు. ఆ మాటను ఎవరి చేతనో పంపొచ్చు. పంపలేదు, తానే వెళ్ళాడు. ఆ తర్వాత నేను ఎంతోమంది పెద్దవాళ్ళ బీరువాలు తుడిచాను. తప్పు ఒప్పుకోవడానికి బస్సెక్కిన మనిషిని ఇంకొకర్ని చూడలేదు.

రెండోసారి ఆయన మైక్రోస్కోపుతోనే వచ్చాడు. దాని పెట్టెను బస్సులో నా ఒళ్ళో, బండిలో నా ఒళ్ళో పెట్టుకుని పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చాను. సాబ్ దాన్ని పటేలు అరుగు మీద పెట్టి, కింద ఉన్న చిన్న అద్దాన్ని ఎండకు తిప్పాడు. వదిన అందరి ముందరా ఒకే బిందెలోంచి ఒక సీసాలో గుడ్డ వేసి పోసింది, ఇంకో సీసాలో గుడ్డ లేకుండా పోసింది. ముందు వడగట్టినవి చూపించారు. పటేలు కన్ను పెట్టి, ఏం లేదు కదా అన్నాడు. తర్వాత రెండోది. పటేలు వంగినవాడు లేవలేదు. చాలాసేపటికి తల ఎత్తాడు.

"శనివారం నేను నీసు ముట్టనయ్యా. మరి గిదేంది?"

ఊరంతా నవ్వింది. సాబ్ నవ్వలేదు. తప్పు మీది కాదు, కంటికి కనిపించేది కాదు కదా అని సముదాయించాడు. ఆ తర్వాత అందరూ వరసగా చూశారు. మా అన్న కుంటుకుంటూ వచ్చి చూశాడు. ఆ జీవికి ముందు ఒక్కటే కన్ను, వెనక రెండు గుడ్ల మూటలు, ఒక్క ఉదుటున దూకుతుంది. అన్న చూసి, నేను గీ కాలు ఆ నీళ్ళల్లనే పెట్టిన గద సారూ అన్నాడు. అవునన్నాడు సాబ్. మంట తగ్గడానికి ఎవరైనా అదే చేస్తారు, ఇక నుంచి బిందెలో నీళ్ళు తెప్పించుకుని దూరంగా పోసుకో అన్నాడు. అన్న ఆ రోజు నుంచి మెట్లు దిగలేదు.

పటేలు మాట నిలబెట్టుకున్నాడు. వానలకు ముందే మెట్లకు అడ్డంగా గోడ లేచింది, పైన గిరక వెలిసింది. ఆ గోడకు మొదటి రాయి నేనే పెట్టాను. తాడు బొక్కెన వచ్చేదాకా ప్రతి ఇంట్లో బిందె మూతికి ధోతి గుడ్డలు కట్టారు. మా ఊళ్ళో అందరూ చుట్టాలైపోయారు. బియ్యం బస్తా విప్పి గుడ్డ చేసుకున్న ముసలమ్మకు, అది కాదు, పల్చటి నూలుది కావాలని వదిన తన కొంగు చింపి ఇచ్చింది.

తర్వాత ఒక ఏడాది ఆగడం. నారు లోపల ఉందో లేదో ఏడాది తిరిగితే తప్ప తెలియదు. సాబ్ ముందే చెప్పాడు, తాగిన నీళ్ళు తాగినప్పుడే లెక్క చెప్పవు, మళ్ళీ ఎండాకాలానికి చెబుతాయి అని. ఎండలు మొదలయ్యాక మేము అన్న కాళ్ళనే చూస్తూ బతికాం. ఆయన గోక్కుంటే అందరం లేచేవాళ్ళం. ఒకరోజు ఆ పాడు మోకాలి కిందనే, పాదం పక్కన ఎర్రగా లేచింది. అన్న మంచం మీద కూర్చుండిపోయాడు. వదిన చంటిపిల్లను కిందపెట్టి దీపం బుడ్డి దగ్గరికి తెచ్చి చూసి, సూది తెచ్చి పొడిచింది. తుమ్మముల్లు. అన్న ఆ ముల్లును అరచేతిలో పెట్టుకుని ఎంతసేపు చూశాడో. ఊళ్ళో ఆ ఏడు ఇద్దరికో ముగ్గురికో నారు వచ్చింది, వాళ్ళు వేరే ఊరి కూలికి వెళ్ళివచ్చినవాళ్ళు. మా అన్నకు రాలేదు. ఆ మోకాలితోనే ఆయన మనవళ్ళు పుట్టేదాకా నాగలి పట్టాడు.

సంగారెడ్డి డాక్టరు, మెడికల్ కాలేజీ పెద్దాయన, లెక్చరర్ సాబ్, ముగ్గురూ లేరు. సాబ్ జనాజా నడిచిన రోజు నేను కూడా భుజం ఇచ్చాను. ఉద్యోగం ఎంత చిన్నదైనా, ఆ పుణ్యం నాకు ఇచ్చింది యూనివర్సిటీ. దాని ఋణం తీరేది కాదు. నా పిల్లలు నడిచిన కాళ్ళు, అన్న పిల్లలు నడిచిన కాళ్ళు ఆ ముగ్గురూ పెట్టిన భిక్ష అని రాసి, కలం మూత పెట్టి, చదివి వినిపిద్దామని వదిన దగ్గరికి వెళ్ళాను.

ఆమె గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని విన్నది. నిద్రపోయిందనుకున్నాను. అయిపోయాక కళ్ళు తెరిచింది.

"గోడకు మొదటి రాయి నువ్వు పెట్టినవా? ఆ దినం నువ్వు పట్నంల ఉన్నవ్. పెట్టింది మీ అన్న, కుంటుకుంట పోయి."

ఆ వాక్యం కొట్టేస్తానన్నాను. ఇంకేమైనా ఉందా అని అడిగాను. ఉండకుండా ఎట్లా ఉంటుంది? కుడిచెయ్యి భుజం దాకా ఎత్తబోయింది. అది ఎప్పటిలాగే సగంలో ఆగిపోయింది. దాన్ని నాకు చూపించింది.

"మెట్లు బంద్ వెట్టినంక నీళ్ళు ఇంట్లకు నడిచొచ్చినయా? గంత లోతుల కెల్లి పొద్దుమాపు తాడు గుంజింది ఆడోళ్ళం. మీ అన్న మోకాలు నిలవడ్డది, నా భుజం పాయె. సార్లకు దండం వెట్టు, వద్దన్ననా? గని నీళ్ళు చేదింది ఎవలో రాయకుండ నువ్వు గా కలం మూత ఎట్ల వెట్టినవ్?"